ఓడినవాడికే మొదటి బంతి

గోడలు అమ్మేసి అయినా సరే, దీపం కొనుక్కోవాలి!

ఇది నా ప్రగాఢ విశ్వాసం. అమెరికాలోని మా టొలీడో ఊరందరిదీ ఇదే మతం. మా ఫుట్‌బాల్ జట్టు టగ్స్ తన దగ్గరున్న ఆటగాళ్లందరినీ, రాబోయే ఆటగాళ్లతో సహా, ఎవరికో ఒకరికి ధారపోసి ఒక్క మంచి క్వార్టర్‌బ్యాక్‌ని తెచ్చుకోవాలని బల్ల గుద్ది చెబుతున్నాను. బల్ల విరిగినా ఫరవాలేదు. మా పేటలో మేమంతా చేరే మార్గిట్ హోటల్లో బల్లలకి ఇది అలవాటే.

ఈ మాట అనగానే కొందరు మేధావులు కళ్లజోళ్లు సర్దుకుంటారు. "ముందు పునాది చూసుకోవాలి, ఆ తరువాతే గోపురం" అంటారు. వాళ్లకి ఆట తెలుసు. ఆశ తెలియదు!

డ్రాఫ్ట్ అంటే తెలియనివాళ్లు మా ఊళ్లో ఉయ్యాల్లో పిల్లల్లో కూడా లేరు. అయినా పొరుగువాళ్ల కోసం ఒక్క ముక్క. ఏటా వసంతంలో కాలేజీల నుంచి కొత్త కుర్రాళ్లు వస్తారు. జట్లన్నీ వరసగా కూర్చుని తలా ఒకణ్ణి ఎంచుకుంటాయి. కిందటేడు ఎవడు ఎక్కువగా ఓడితే వాడికి మొదటి బంతిలో మొదటి విస్తరి. పెళ్లిళ్లలో మొదటి బంతి పెద్దమనుషులది. ఇక్కడ దద్దమ్మలది! ఇంతకన్నా దయగల ధర్మం ఎక్కడైనా ఉందా? వెనక బంతిలో ఉన్నవాడికి ఆకలి ఆగకపోతే, ముందున్నవాడికి తన రాబోయే ఏళ్ల విస్తళ్లు రాసిచ్చి పైకి ఎక్కవచ్చు.

ఇక క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి చేతపట్టి, ఎవరికి విసరాలో తేల్చేవాడు. జట్టుకి పెళ్లికొడుకు. వాడి ముందు నిలబడి, మీదికొచ్చే రాక్షసుల్ని ఆపే బరువైన మనుషులు కొందరుంటారు. వాళ్లు పందిరి గుంజలు. గుంజతో ఫొటో దిగినవాణ్ణి మీరెక్కడైనా చూశారా?

ఇలా పైకి ఎక్కడం వల్ల లాభాలు అన్నీ ఇన్నీ కావు.

మొదటిది, భవిష్యత్తు. అది మన దగ్గర ఉంటే పెరుగులా పులిసిపోతుంది. మా టగ్స్ దగ్గర ఎన్నోసార్లు భవిష్యత్తు ఉండింది. ఏం చేసుకున్నాం? పక్కవాడికి ఇచ్చేస్తే కనీసం వాడి ఇల్లన్నా కంపు కొడుతుంది!

రెండోది, వస్త్ర పరిశ్రమ. ఇంతకుముందు పైకెక్కి తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాకుల పేర్లు రాసిన చొక్కాలు మా పేటలో ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. ఒకటి నా టొమాటో మడిలో పిట్టల్ని అదిలిస్తోంది. ఒకటి మా ఆవిడ కారు తుడుస్తోంది. అన్నిటికన్నా ఖరీదైనది ఎదురింటి కుక్క చలికి తొడుక్కుంటుంది. మూడోది, ఆరోగ్యం. డ్రాఫ్టు ముందు నెలంతా మా ఊళ్లో ఎవరికీ మోకాళ్లు నొప్పి పుట్టవు. అందరికీ ఆ కుర్రాళ్ల మోకాళ్ల గురించే బెంగ.

నాలుగోది, విజ్ఞానం. దీనికి మా బావమరిది జోల్టానే సాక్ష్యం.

జోల్టాన్ మా ఆవిడ పిరోష్కాకి తమ్ముడు. మేమంతా జోల్టీ అంటాం. గాజు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయి చాలాకాలమైంది. మిగతా జీవితాన్ని రెండిటికి అంకితం చేశాడు: ఒకటి టగ్స్ జట్టు, రెండోది మార్గిట్ వార్గా. మార్గిట్ మా పేటలో హోటల్ నడిపే మనిషి. ఆవిడా ఒంటరిదే. కాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి ఆవిడ వండే వంట తిన్నవాడు ఈ ఊరు వదిలిపోడు.

కిందటేడు ఈస్టర్‌కి జోల్టీ ఆవిణ్ణి పెళ్లి చేసుకోమని అడిగాడు. "ఆలోచిస్తాలే" అంది. అయినా ఆ మర్నాటి నుంచి అతన్ని వంటింట్లోకి రానిచ్చి గరిటె చేతికిచ్చింది. మార్గిట్ వంటింట్లో గరిటె అంటే నిశ్చితార్థం కన్నా ఒక మెట్టు పైన.

అదే సమయంలో ఊరంతా ఒకటే మాట. నార్త్ డకోటా నుంచి బ్రైసన్ లిండాల్ అనే కుర్రాడు వస్తున్నాడు. విసిరితే బంతి మేఘం తాకి వస్తుందట. మనది తొమ్మిదో విస్తరి. వాడు కావాలంటే రెండో విస్తరికి ఎక్కాలి. ఎక్కాలా, వద్దా?

ఒకే ఒక్క అనుమానం పీడించింది. కుర్రాడి అరచెయ్యి చిన్నదని పేపర్లో వచ్చింది. జోల్టీ దర్జీ టేపు తెచ్చి హోటల్లో ఉన్న అందరి చేతులూ కొలిచాడు. బస్సు డ్రైవరు చెయ్యి, మా చర్చి ఫాదర్ చెయ్యి, నా చెయ్యి. చివరికి మార్గిట్ చెయ్యి కూడా.

"బావా, ఇది చూడు" అన్నాడు నాతో గొంతు తగ్గించి. "మార్గిట్ చెయ్యి ఆ కుర్రాడి చేతికన్నా అరంగుళం పెద్దది."

"అయితే ఆవిణ్ణే తీసుకుందాం" అన్నాను. "ఆవిడ కోసమైతే పైకెక్కే పని కూడా లేదు."

"నా చేతికి పనుంది, వదులు" అంది మార్గిట్, పిండి అంటిన చెయ్యి లాక్కుంటూ. "అన్నట్టు, ఆ కుర్రాడు వస్తే గిడియన్ పక్కనే ఆడతాడుగా? అయితే వాడికి దెబ్బ తగలదులే."

గిడియన్ పూల్ మా జట్టులో పందిరి గుంజ. అలబామా మనిషి. క్వార్టర్‌బ్యాక్‌కి కనపడని ఎడమ పక్కన నిలబడి, వీపు మీదికి దూకేవాళ్లని ఆపడం అతని పని. చర్చిలో అతను బెంచీ ఈ కొసన కూర్చుంటే ఆ కొసన ఉన్నవాళ్లు ప్రార్థన లేకుండానే లేచి నిలబడేవారు. ప్రతి శుక్రవారం మార్గిట్ హోటల్లో చేప వేపుళ్లు తిని, ఆ తరువాత వంటింట్లోకి వెళ్లి ఎవరూ కదపలేని పెద్ద గిన్నెలు దించి వెళ్లేవాడు. అతని పేరున్న చొక్కా ఊరు మొత్తం మీద కొన్నది మార్గిట్ ఒక్కతే. దాన్ని విప్పి హోటల్ కిటికీకి కర్టెన్ కుట్టింది. గుడ్డ మిగిలింది కూడా!

సరే, డ్రాఫ్టు సాయంత్రం వచ్చింది. హోటల్ కిక్కిరిసింది. టీవీలో మా జట్టు మేనేజర్ కనిపించాడు. మెడ నిండా గర్వం. టగ్స్ తొమ్మిది నుంచి రెండుకి ఎక్కింది! బ్రైసన్ లిండాల్ మనవాడు!

నేను ఏడ్చాను. ఫాదర్ కేక వేశాడు. జోల్టీ కుర్చీ ఎక్కి బస్సు డ్రైవర్ బట్టతలని ముద్దు పెట్టుకున్నాడు.

అప్పుడు టీవీలో చెప్పారు, బదులుగా మేం ఏమిచ్చామో. ఈ ఏటి విస్తరి. వచ్చే రెండేళ్ల మొదటి బంతి విస్తళ్లు. వాటితోపాటు గిడియన్ పూల్‌ని.

హోటల్లో ఎవరూ అరుపు ఆపలేదు. మార్గిట్ మాత్రం చేతిలో పళ్లెం బల్లమీద పెట్టేసింది.

"జోల్టీ, దిగు."

"మార్గిట్! మనకి కుర్రాడు దొరికాడే!"

"గిడియన్‌ని ఇచ్చేశారు."

"ఒక్క గుంజేగా! గుంజలు ఎక్కడైనా దొరుకుతాయి."

మార్గిట్ కుర్చీ పక్కకి వచ్చింది. "మనిషిని పట్టుకుని గుంజ అంటున్నావా? నిన్నగాక మొన్న నీకు చారు గిన్నె దించిపెట్టాడయ్యా వాడు. ముందు కుర్చీ దిగు. దిగి, అటునుంచటే బయటికి నడు."

"పెళ్లి సంగతి?"

"నన్నిచ్చేసి ఇంకెవర్నో తెచ్చుకో. పైకి ఎక్కు!"

గరిటె కూడా లాక్కుంది.

ఇంటికి వెళ్లాక పిరోష్కా నన్ను అడిగింది. "ఏమండీ, ఆ లావుపాటి అబ్బాయిని ఇచ్చేశారుగా, మరి ఈ కొత్త పిల్లాడి ముందు ఎవరు నిలబడతారు?" ఇలాంటి ప్రశ్నల వల్లే ఆడవాళ్లని జట్టు మేనేజర్లుగా పెట్టరు. శుభమా అని పెళ్లి జరుగుతుంటే పందిరి ఏమైందని అడగవచ్చా!

ఆ వేసవిలో మా ఊరు ఎంత వెలిగిపోయిందో నా మాటల్లో చెప్పలేను. ఆసుపత్రిలో పుట్టిన మగపిల్లలందరూ బ్రైసన్లే. ఆడపిల్లల్లో కూడా కొందరు. బేకరీవాడు రొట్టెల్ని విసిరే చెయ్యి ఆకారంలో కాల్చాడు. పన్ను పీకించుకోవడానికి వెళ్లిన నాకు మత్తుమందు అవసరమే రాలేదు. డాక్టరు బ్రైసన్ గురించి చెబుతూ ఉంటే పన్ను దానంతటదే వచ్చేసింది. ఏ గుంజ వల్ల ఇంత వెలుగు వస్తుంది, చెప్పండి!

సీజన్ మొదలైంది. బ్రైసన్ విసిరిన మొదటి బంతి ఆకాశంలో ఎంత అందంగా తిరిగిందంటే, దాన్ని పట్టుకోవలసినవాడు కూడా పట్టుకోవడం మరచిపోయి చూస్తూ ఉండిపోయాడు. మేం నివ్వెరపోయాం. ఆ తరువాతి బంతి విసిరే లోపల ఎడమ పక్క నుంచి ఒక మహాకాయుడు వచ్చి పిల్లాణ్ణి నేల కరిపించాడు.

గిడియన్ స్థానంలో నిలబెట్టిన మనిషి చాలా మర్యాదస్తుడు. వచ్చేవాళ్లకి "రండి, రండి" అన్నట్టు పక్కకి తప్పుకునేవాడు. అతిథి మర్యాదలో మా జట్టుకి దేశంలో సాటిలేదు.

ఆటలు జరిగే ఆ ఆదివారాల్లో జోల్టీ ఎక్కడున్నాడు? మార్గిట్ హోటల్ బయట, పేవ్‌మెంట్ మీద, గొడుగు వేసుకుని అద్దంలోంచి టీవీ చూస్తూ. మధ్యలో గిడియన్ చొక్కా కర్టెన్ అడ్డం. దాని పక్కనున్న సందులోంచి ఒక కన్నుతో చూసేవాడు. నేను లోపల నుంచి వేళ్లతో స్కోరు చూపించేవాణ్ణి. మా స్కోరుకి ఒక చెయ్యి చాలేది.

నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ దగ్గర పడుతుండగా కుర్రాడి భుజం ఎముక విరిగింది. విసిరే భుజమే.

ఊరు ఏమంది? నేను సిగ్గుపడకుండా రాస్తున్నాను: "చెయ్యి చిన్నదని ముందే చెప్పాం కదా" అంది. బేకరీవాడు మళ్లీ మామూలు రొట్టెలు కాల్చాడు. చొక్కాలు అటకెక్కాయి. రెండు నెలల పసిబిడ్డ పేరు మార్చడానికి ఎవరో చర్చికి కూడా వెళ్లారట.

అప్పుడు ఒక మధ్యాహ్నం మార్గిట్ హోటల్లో ఫోను మోగింది. నేను బీరు తాగుతూ అక్కడే ఉన్నాను. ఫోనులో గిడియన్ గొంతు. అంత దూరం నుంచి వచ్చినా బల్లమీద గ్లాసులు కదిలాయి.

"మార్గిట్ అమ్మా, బాగున్నావా? ఒక్క మాట. ఆ కుర్రాడికి ఆ ఊళ్లో ఎవరూ లేరు. మొన్న నేనే ఫోన్ చేశా. మూడు పూటలా డబ్బాలో పాలు, అటుకుల్లాంటి ఆ ఎండు గింజలూ తింటన్నాడంట. ఒంటిచేత్తో ఏం వండుకుంటాడు? కాస్త వాడికి తిండి పెట్టమ్మా."

"ఎవడికి? నీ చోటు లాక్కున్నోడికా?"

"వాడేం లాక్కున్నాడమ్మా? పిల్లాడు. నన్ను అడిగి ఇచ్చారా, వాణ్ణి అడిగి తెచ్చారా?"

ఫోను పెట్టేసి మార్గిట్ ముక్కు చీదుకుంది. ఉల్లిపాయలు తరగడం లేదు కాబట్టి నేను కారణం అడగలేదు. తరువాత నా వైపు తిరగకుండానే అంది: "బయట ఆ గొడుగు ఇంకా నిలబడే ఉందా?"

ఆ రోజు ఆట లేదు. అయినా గొడుగు నిలబడే ఉంది.

తలుపు తీసి కేకేసింది. "ఏమయ్యా జోల్టీ! నీ వ్యాను కదుల్తుందా?"

"నీకోసం అయితే ఎగురుద్ది!"

"ఎగరక్కర్లేదు. పోయి ఆ పిల్లాణ్ణి తీసుకురా. మెల్లగా నడుపు, భుజం కదలకుండా."

జోల్టీ మంచులో నది దాటి వెళ్లి బ్రైసన్ లిండాల్‌ని తీసుకొచ్చాడు. గుమ్మంలో ఒక పొడుగాటి, పాలిపోయిన కుర్రాడు, కుడి చెయ్యి గుడ్డలో వేలాడుతూ, పాత టోపీ పెట్టుకుని నిలబడ్డాడు. వేసవిలో అయితే అతన్ని చూడగానే హోటల్ కుప్పకూలిపోయేది. ఇప్పుడు ఎవరికీ ఎక్కడ చూడాలో తెలియలేదు. అందరూ తమ పళ్లేల్లో ఏదో పోయినట్టు వెతుక్కున్నారు.

"నమస్తే సార్. నమస్తే అమ్మా" అన్నాడు. "నేను ఎక్కువసేపు ఇబ్బంది పెట్టను."

"కూర్చో. ఇబ్బంది పెట్టాల్సినవాళ్లంతా ముందే కూర్చున్నారు" అంది మార్గిట్, మా వైపు చూస్తూ.

ముందర కోడి కూర పెట్టింది. కుర్రాడు ఎడంచేత్తో ఫోర్కు పట్టుకున్నాడు. మాంసం జారిపోయింది. మళ్లీ గుచ్చాడు. మళ్లీ జారింది. చెవులు ఎర్రబడ్డాయి.

జోల్టీ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. పళ్లెం తన ముందుకు జరుపుకుని, మాంసాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, మళ్లీ కుర్రాడి ముందుకి జరిపాడు.

"తిను అబ్బాయ్. చల్లారితే బాగోదు."

కొన్ని ముద్దలు తిన్నాక బ్రైసన్ అన్నాడు: "ఆ రోజు నా పేరు పిలిచినప్పుడు ఇక్కడ మీరంతా అరిచారంట కదా సార్?"

"నేను కుర్చీ కూడా ఎక్కాను" అన్నాడు జోల్టీ తల దించుకుని.

"నేనూ అరిచాను. మా నాన్న ట్రాక్టర్ ఎక్కి మరీ అరిచాడు. ఎవర్నిచ్చి నన్ను తెచ్చారో అప్పుడు వినపడనే లేదు."

"వినపడుంటే ఏం చేసేవాడివి?" అంది మార్గిట్.

కుర్రాడు ఆలోచించాడు. "ఆయన్ని ఉంచి ఇంకెవర్నైనా ఇమ్మనేవాణ్ణి అమ్మా. ఆయనుంటే ఈపాటికి ఈ ముక్కలు నేనే కోసుకునేవాణ్ణి."

హోటల్లో మొదట నవ్వింది ఫాదర్. తరువాత బస్సు డ్రైవరు. ఆ తరువాత కుర్రాడే. భుజం నొప్పెట్టి "అబ్బా" అంటూ నవ్వాడు. మార్గిట్ వంటింట్లోకి వెళ్లింది. లోపల నుంచి గొంతు వినిపించింది: "జోల్టీ! ఈ గిన్నె దించేవాళ్లు లేరిక్కడ. వస్తావా, రావా?"

అతను పరిగెత్తాడు. నడుము పట్టేసింది. గిన్నె మాత్రం దించాడు.

ఆ శీతాకాలమంతా బ్రైసన్ రోజూ వచ్చేవాడు. కాబేజీ చుట్టడం నేర్చుకున్నాడు. మంచు కరిగే నాటికి భుజం కుదుటపడింది. మార్గిట్ ఆలోచించడం కూడా పూర్తయింది. జూన్‌లో పెళ్లి, చర్చిలో టీవీ ఉండకూడదు, జోల్టీ జన్మలో ఎవర్నీ గుంజ అనకూడదు. ఇవీ షరతులు. జోల్టీ బైబిలు మీద ఒట్టేశాడు.

ఈలోగా మళ్లీ డ్రాఫ్టు వచ్చింది.

ఆటలన్నీ ఓడిపోయినా మాకు మొదటి బంతిలో విస్తరి లేదు. దాన్ని పోయినేడే ఇచ్చేశాం కదా! గురువారం సాయంత్రం మిగతావాళ్లంతా తింటూంటే నోట్లో వేలేసుకుని చూశాం. మా వంతు శుక్రవారం సాయంత్రం, రెండో బంతిలో. హోటల్లో చేప వేపుళ్ల వాసన. ఇసకేస్తే రాలని జనం. ఫ్లోరిడా నుంచి ఒక కొత్త క్వార్టర్‌బ్యాక్ ఇంకా మిగిలే ఉన్నాడు. మేం కొంచెం పైకి ఎక్కితే దొరుకుతాడు!

బ్రైసన్ మాతోపాటే కూర్చుని చేప తింటున్నాడు. రెండు చేతులతో.

జోల్టీ అతని భుజం మీద, మంచి భుజం మీద, చెయ్యి వేశాడు. "నీ మీద ప్రేమ లేక కాదబ్బాయ్. నువ్వు మా ఇంటి పిల్లాడివి. కానీ ఆ ఫ్లోరిడావాడి అరచెయ్యి చూశావా? పళ్లెమంత ఉంది!"

"చూశాను సార్" అన్నాడు బ్రైసన్ మర్యాదగా.

టీవీలో మేనేజర్ వచ్చాడు. ఈసారి మెడలో గర్వం తక్కువ. టగ్స్ ఎక్కడికీ ఎక్కలేదు. తన విస్తరి ముందే కూర్చుని, తనకి దక్కిన వాణ్ణి ఎంచుకుంది. అయోవా నుంచి ఓటిస్ వాండర్‌క్రాఫ్ట్. మెడ కనపడని మనిషి. స్టేజీ ఎక్కుతుంటే స్టేజీ మూలిగింది. అతని ఆట, క్వార్టర్‌బ్యాక్‌కి ఎడమ పక్కన నిలబడటం.

హోటల్ హోటలంతా ఒక్క గొంతుతో "ఛీ! ఛీ!" అంది. ఫాదర్ అన్నాడు. బస్సు డ్రైవరు అన్నాడు. ప్రజాభిప్రాయానికి ప్రతినిధిని కాబట్టి నేను అందరికన్నా గట్టిగా అన్నాను.

ఆ గోలలో ఒక్క మనిషి లేచి నిలబడ్డాడు. బ్రైసన్. కళ్లనిండా నీళ్లతో, రెండు చేతులూ ఎత్తి, భుజం ఊడిపోతుందేమో అన్నట్టు చప్పట్లు కొడుతున్నాడు.

"ఛీ" అనబోయిన జోల్టీ నోరు సగంలో ఆగిపోయింది. బ్రైసన్ వైపు చూశాడు. వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడ్డ మార్గిట్ వైపు చూశాడు. ఆముదం తాగినవాడి మొహం పెట్టి, లేచి, చప్పట్లు మొదలుపెట్టాడు. బావమరిది లేచాక నేను కూర్చుంటే ఏం బాగుంటుంది? నేనూ లేచాను. మెల్లగా ఫాదర్, డ్రైవరు, ఆఖరికి హోటలంతా లేచింది. మార్గిట్ మొహం వెలిగింది. వెళ్లి బ్రైసన్‌ని కావలించుకుని, తరువాత, అందరి ముందూ, జోల్టీ బుగ్గ మీద ముద్దు పెట్టింది.

పాఠకులారా, ఊరు మారిందని, బుద్ధి వచ్చిందని అనుకుంటున్నారా? నేనూ ఒక నిమిషం అలాగే భయపడ్డాను.

చప్పట్లు కొడుతూనే, పెదాలు కదపకుండా, జోల్టీ నా చెవి దగ్గరికి వంగాడు.

"బావా, ఈ అయోవా వాడు బాగా ఆడాడనుకో. వాణ్ణిచ్చేస్తే వచ్చే ఏడు రెండో విస్తరికి ఎక్కొచ్చంటావా?"

నేను చప్పట్లు ఆపకుండానే మనసులో లెక్క వేశాను.

"ఎక్కొచ్చు" అన్నాను.